ఉలికి సాన పట్టడం నేర్పండి

ఎడిటర్ గారికి,

మా సిరొంచ వైపు యువకులకు లేతు మిషన్ మీద, అంటే కర్రను గిర్రున తిప్పుతూ ఉలితో చెక్కే మిషన్ మీద, కర్ర పని నేర్పుతున్నారు. మంచి పనే. కానీ శిక్షణలో చేతికిచ్చేది మెత్తటి కర్ర. ఇంటికొచ్చాక వాళ్లకు దొరికే గిరాకీ రోకళ్లకు, మంచం కోళ్లకు. వాటికి ఇక్కడ అడిగేది చండ్ర, నల్లమద్ది లాంటి గట్టి కర్ర. 30 ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి రాస్తున్నాను.

పచ్చి చండ్ర మొద్దు నీళ్లలో వేస్తే మునుగుతుంది. పైనున్న తెల్ల చెక్క సులువుగానే తెగుతుంది. లోపలి ఎర్ర చేవ తగిలిందంటే ఉలి ఎగిరిపడుతుంది. పోయిన నెల మా వీధి కుర్రాడికి అక్కడే దెబ్బ తగిలింది. ఉలి మొద్దుబారితే తెలియక ఇంకా గట్టిగా అదిమాడు. కర్ర ఉలిని లాక్కుంది, పెచ్చు లేచి కనుబొమ్మకు కొట్టింది. నాలుగు కుట్లు పడ్డాయి. మిషన్ అమ్మేయమని వాళ్లమ్మ ఒకటే పోరు.

వెళ్లి ఆ ఉలి చూశాను. శిక్షణలో ఇచ్చిన మామూలు కార్బన్ ఉక్కుది. గ్రైండర్ మీద అంచు నీలం తిరిగిపోయి ఉంది. అలా తిరిగితే ఉక్కు మెత్తబడినట్టే, ఇక పదును నిలవదు. హైస్పీడ్ స్టీల్ అయితే 600 డిగ్రీల వేడి దాకా గట్టితనం వదలదు. అది ఉన్నా నేను ఒక్క చండ్ర రోకలికి నాలుగైదు సార్లు సాన దగ్గరికి పోతాను. మా నాన్న మొదటి రెండు నెలలు నన్ను సాన దగ్గరే కూర్చోబెట్టాడు. అప్పుడు కోపం వచ్చేది. ఈ రోజుకీ నా రెండు కళ్లూ బాగున్నాయంటే ఆ రెండు నెలల వల్లే.

కర్ర ఆరబెట్టడం కూడా ఎవరూ చెప్పడం లేదు. కొట్టిన కర్రకు రెండు కొసలా మైనం పూసి నీడన పెట్టకపోతే మా మే నెల ఎండకు నెర్రెలు విచ్చుతుంది. అంగుళం మందానికి ఏడాది అని మా లెక్క. అందుకే పచ్చిగా ఉన్నప్పుడే కాస్త లావుగానే గుండ్రంగా తీసి పెట్టుకుని, ఆరాక అసలు రూపు తీస్తాం.

శిక్షణ ఇచ్చేవారిని అడిగేది ఇంతే. సగం రోజులైనా ఇక్కడి కర్ర మీద నేర్పండి. ఒక్క హైస్పీడ్ స్టీల్ ఉలి, ముఖానికి అడ్డం పెట్టుకునే షీల్డు ఇవ్వండి. మొదటి వారమంతా సాన పట్టించండి.

ఆ కుర్రాడు ఇప్పుడు రోజూ సాయంత్రం మా కొట్టుకు వస్తున్నాడు. మిషన్ ఇంకా అమ్మలేదు.

— ఒక కర్ర పనివాడు,
సిరొంచ, గడ్చిరోలి జిల్లా