షోరూముల్లో సేల్స్‌గర్ల్స్‌కి ఒక స్టూల్ వేయించండి

సంపాదకుడు గారికి,

ఆషాఢం సేల్ బోర్డులు పడ్డాయంటే మా విజయవాడలో బట్టల షోరూములు కిటకిటలాడిపోతాయి. ఆ డిస్కౌంట్ల గురించి మీ పత్రికలో పేజీలకు పేజీలు ప్రకటనలు వస్తాయి. అక్కడ పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే ఆడపిల్లల గురించి కూడా నాలుగు ముక్కలు రావాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొన్న మా చెల్లెలి కూతురి పెళ్లికి చీరలు కొనడానికి ఒక పెద్ద షోరూముకి వెళ్లాం. వెళ్లగానే మాకు కుర్చీలు వేశారు, మంచినీళ్లిచ్చారు, కాసేపటికి కూల్‌డ్రింకులూ తెచ్చారు. చీరలు చూపించే అమ్మాయి మాత్రం కౌంటర్ వెనక నిలబడే ఉంది. ఉప్పాడ అంటే ఉప్పాడ, గద్వాల అంటే గద్వాల తీసి, పమిట తన భుజం మీద వేసుకుని మరీ చూపించింది. "ఇది కాటన్ బాడీ అండీ, పట్టు అంచు విడిగా కలిపి నేస్తారు, వెనక్కి తిప్పి చూడండి" అని మేం అడక్కుండానే చెప్పింది. పని తెలిసిన పిల్ల. మేం వద్దన్న చీరలు గుట్టగా పడి ఉంటే, మడత చెడకుండా ఒక్కోటీ సర్దుతూ, ఒక కాలు చెప్పులోంచి తీసి మడమ నేలకేసి నొక్కుకుంటోంది. కాసేపు కూర్చోమ్మా అన్నాను. "కుదరదండీ, కెమెరాలో చూస్తారు" అంది. జనం లేనప్పుడు కూడానా అంటే నవ్వి ఊరుకుంది.

కస్టమర్ ముందు కూర్చుంటే మర్యాద కాదని యజమానుల వాదన. బ్యాంకులో క్యాషియర్ కూర్చునే డబ్బులిస్తాడు, మనకేమైనా అవమానంగా ఉంటుందా? అంతెందుకు, వన్‌టౌన్‌లో పాతకాలపు బట్టల కొట్లు చూసినవాళ్లని అడగండి. తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద షావుకారు, గుమస్తా, కొనేవాళ్లు అందరూ కూర్చునే బేరాలాడేవాళ్లు. గుమస్తా బాసింపట్టు వేసుకున్నాడని ఎవరి పరువూ పోలేదు, ఏ బేరమూ తప్పిపోలేదు. ఈ నిలబడే మర్యాద ఏసీలతో, అద్దాలతో పాటు కొత్తగా వచ్చిందే.

గంటల తరబడి నిలబడితే కాళ్లలో రక్తం పైకి ఎక్కక నరాలు ఉబ్బుతాయి. వెరికోస్ వెయిన్స్ అంటారు కదా, అదే. నడుంనొప్పి, మడమనొప్పి సరేసరి. బాత్రూముకి వెళ్లాలన్నా ఫ్లోర్ మేనేజర్‌ని అడగాల్సిన చోట పిల్లలు నీళ్లు తాగడమే తగ్గించుకుంటారు. దాని ఫలితం ఏ లేడీ డాక్టర్ని అడిగినా చెబుతుంది.

కేరళలో ఈ రెండు విషయాల మీదే పోరాటం జరిగింది. కోళికోడ్‌లో విజి అనే దర్జీ పనిచేసే ఆవిడ, దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లని కూడగట్టి మొదట బాత్రూముల కోసం, తర్వాత కూర్చునే హక్కు కోసం కొట్లాడింది. త్రిశ్శూర్‌లో ఒక చీరల షోరూము ఉద్యోగినులు 2014 చివర్లో మొదలుపెట్టి మూడు నెలలకు పైగా సమ్మె చేశారు. చివరికి 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి కూర్చునే ఏర్పాటు తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు కూడా అదే దారి పట్టింది.

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. నిలబడి పనిచేసే కార్మికులకు, పని మధ్యలో వీలు దొరికినప్పుడు కూర్చోవడానికి ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే, 44వ సెక్షన్‌లో రాశారు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలోనూ ఆ మాట ఉంది. స్టూలు మాత్రం కౌంటర్ వెనక్కి రాలేదు. ఆ అమ్మాయిలు నోరు తెరిచి అడుగుతారా అంటే, అడిగినవాళ్లకి మర్నాటి నుంచి రానక్కర్లేదని చెప్పడం యజమానికి ఎంతసేపు? ఊళ్లో ఇంటి అద్దె, తమ్ముడి ఫీజు ఆ జీతం మీదే నడుస్తున్నప్పుడు ఆత్మగౌరవం గురించి వాళ్లకి మనం క్లాసు పీకడం అన్యాయం. అడగాల్సింది ప్రభుత్వం, కొనడానికి వెళ్లే మనం.

మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ దుకాణాల నిబంధనల్లో ఈ విషయం స్పష్టంగా రాయాలి. కూర్చున్నందుకు జీతం కోయడం, కెమెరాలో చూసి తిట్టడం నేరమని కూడా అందులోనే చేర్చాలి. దసరా సీజన్ మొదలయ్యేలోపు కార్మిక శాఖ అధికారులు షోరూములు తనిఖీ చేసి, ఎన్ని కౌంటర్ల వెనక స్టూళ్లున్నాయో జనానికి చెప్పాలి. మీ విలేకరులు కూడా ఒకసారి వెళ్లి చూసొస్తే బాగుంటుంది, ప్రకటనలు ఆగిపోతాయన్న టెన్షన్ లేకపోతే.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విజయవాడ