ఆ తొలి పన్నెండు ఎపిసోడ్లను కోయవద్దు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారములు. జపాన్ యానిమే (యానిమేషన్) సిరీస్ ‘స్టైన్స్ గేట్’ మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన సమీక్షను రెండుసార్లు చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. సమీక్షకుల తీర్పు క్లుప్తంగా ఇది: వీడియో గేమ్ నుంచి తీసిన కథ కాబట్టి మొదటి సగమంతా సాగదీతగా ఉంది, తొలి పన్నెండు ఎపిసోడ్లను నాలుగుకు కుదిస్తే బాగుండేది, రెండో సగంలో వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. ఈ తీర్పు తలకిందులైందని నా అభిప్రాయం. ఆ సిరీస్ బలమంతా వారు కోసేయమన్న చోటే ఉంది. లోపాలేమైనా ఉంటే అవి వారు మెచ్చుకున్న రెండో సగంలోనే ఉన్నాయి.

నేను సినిమా పండితుణ్ణి కాను. కోఠి గుజరాతీ గల్లీలో పద్దెనిమిదేళ్లు టీవీలు బాగుచేసి, ఎల్‌సీడీలు వచ్చి పిక్చర్ ట్యూబులు మూలపడ్డాక బల్ల ఎత్తేసిన మెకానిక్‌ని. యానిమేలు చూసే అలవాటు నాకు లేదు. మా అబ్బాయి లాప్‌టాప్‌లో ఈ గేమ్ ఆడుతుండగా, తెర మీద ఒక పాత టీవీల రిపేరు దుకాణం కనబడి అక్కడే నిలబడిపోయాను. ఆ తరువాత దాదాపు నెల రోజులు, రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం కూర్చుని గేమ్ ముగించాము. ఆపైన సిరీస్ మొత్తం చూశాము. అందువల్ల రెండింటినీ పక్కపక్కన పెట్టి మాట్లాడగలనన్న ధైర్యంతోనే రాస్తున్నాను.

ముందుగా గేమ్ సంగతి. కాల్పులు, కార్లు, పరుగులు ఉంటేనే వీడియో గేమ్ అనుకునే పాఠకులు ఎక్కువ. సమీక్ష కూడా ఆ భ్రమను తొలగించలేదు. ఫైవ్ పీబీ, నైట్రోప్లస్ సంస్థలు 2009 అక్టోబరులో ఎక్స్‌బాక్స్ 360 అనే గేమ్ యంత్రం కోసం విడుదల చేసిన ఈ గేమ్ ‘విజువల్ నావెల్’ అనే జాతికి చెందినది. తెర మీద బొమ్మ, కింద అక్షరాలు, వెనుక గొంతులు. ఆడేవాడు చేసే పనిలో నూటికి తొంభై పాళ్లు చదవడమే. దానిని వైట్ ఫాక్స్ స్టూడియో వారు హిరోషి హమసాకి, తకుయా సాతోల దర్శకత్వంలో 24 ఎపిసోడ్లుగా మలచగా, 2011 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు జపాన్ టీవీలో ప్రసారమైంది. మాకు నెల పట్టిన కథ అక్కడ పది గంటల లోపే ముగుస్తుంది. కుదింపు అప్పటికే జరిగిందన్నమాట. సమీక్షకులు కుదించిన దానిని మళ్లీ కుదించమంటున్నారు.

కథ 2010 వేసవిలో టోక్యోలోని అకిహబరాలో జరుగుతుంది. యుద్ధానంతరం రేడియో విడిభాగాల అంగళ్లతో ఎదిగిన బజారు అది. రెసిస్టర్లను గుప్పెళ్లతో కొలిచి ఇచ్చే ఇరుకు కొట్లు, పై అంతస్తుల్లో అద్దె గదులు, వీధిలో అరుపులు: పేర్లు మారిస్తే మన గుజరాతీ గల్లీయే. అక్కడ ఒక టీవీ రిపేరు దుకాణం పైగదిని అద్దెకు తీసుకుని, తనను తాను పిచ్చి శాస్త్రవేత్తనని చెప్పుకుంటూ, అవతల ఎవరూ లేని ఫోన్‌లో గంభీరంగా మాట్లాడే కాలేజీ కుర్రాడు ఒకాబె రింతారో. అతని చిన్ననాటి స్నేహితురాలి పేరు మయూరి; మనమ్మాయి పేరులాగే ఉండడంతో మా ఆవిడ కూడా వచ్చి కూర్చుంది. కంప్యూటర్ తెలిసిన మిత్రుణ్ణి అందరూ ‘దారు’ అని పిలుస్తారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా హైదరాబాదీ ఇంట్లో నవ్వు ఆపుకోవడం కష్టమే. వీరికి మకిసె కురిసు అనే యువ శాస్త్రవేత్త తోడవుతుంది. ఒక మైక్రోవేవ్ ఓవెన్‌కు ఫోన్ తగిలించి చేసిన పరికరం అరటిపండును పచ్చని జిగురుగా మారుస్తుంది; ఆ తరువాత అదే పరికరం సెల్‌ఫోన్ సందేశాలను గతానికి పంపుతోందని తెలుస్తుంది.

కథ ఊపందుకోవడానికి చాలా ఎపిసోడ్లు పడుతుంది, నిజమే. ఆ లోపల వారు చేసేదల్లా తినడం, వాదించుకోవడం, ఎండకు విసుక్కోవడం, పనికిరాని ప్రయోగాలు చేయడం. ఎండకు వెలిసిపోయినట్టున్న ఆ రంగులు మే నెల మధ్యాహ్నాలను గుర్తు చేస్తాయి. అయితే పన్నెండో ఎపిసోడ్ చివర మయూరి ప్రాణం పోయినప్పుడు మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదంటే, ఆ గదిలో మేమూ పన్నెండు రోజులు కాపురం ఉండడమే కారణం. గేమ్‌లో ఆడేవాడు గంటల తరబడి ఆ మనుషులతో గడుపుతాడు కనుక ఆ బంధం దానంతట అదే ఏర్పడుతుంది. సిరీస్‌కు అన్ని గంటలు లేవు. ఉన్న సమయంలో సగాన్ని కథ నడపడానికి కాక మనుషులను అలవాటు చేయడానికి కేటాయించడం దర్శకులు తెలిసి చేసిన పని. నాలుగు ఎపిసోడ్లకే ఆమె చనిపోతే, ఎవరో అమ్మాయి చనిపోయిందనుకుని మనం టీ పెట్టుకోవడానికి లేచి ఉండేవాళ్లం.

ఆ మొదటి సగంలోనే నాకు అత్యంత ముచ్చటగా తోచిన నియమం ఒకటి ఉంది. గతానికి పంపే సందేశం 36 బైట్లు దాటరాదు. జపాన్ లిపిలో 18 అక్షరాలు, అవి కూడా ఆరేసి చొప్పున మూడు ముక్కలై చేరతాయి. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో మన లిపికి ఒక్కో సంకేతానికి మూడు బైట్లు ఖర్చవుతాయని, గుణింతమూ పొల్లూ విడివిడిగా లెక్కకు వస్తాయని మా అబ్బాయి చెబితే, కాగితం మీద లెక్క వేసి చూశాము. ‘పరీక్ష రాయకు’ అనే మాట 34 బైట్లలో సరిపోతుంది. మరొక్క గుణింతం చేర్చితే గీత దాటుతుంది. జీవితాన్ని మార్చే మాటను అంత ఇరుకులో చెప్పవలసి రావడం వల్లనే కథలోని పొరపాట్లన్నీ నమ్మదగినవిగా ఉన్నాయి. లూకా అనే కుర్రాడు అమ్మాయిగా పుట్టి ఉంటే బాగుండునని కోరితే, వారు అతని తల్లి పాత పేజర్‌కు కూరగాయలు తినమని సందేశం పంపుతారు. కడుపుతో ఉన్నప్పుడు ఏం తింటే ఎవరు పుడతారో చెప్పే అమ్మమ్మలు మనకే ఉన్నారనుకున్నాను, జపాన్‌లోనూ ఉన్నారన్నమాట.

ఇక లోపాల విషయం. గేమ్‌లో ఆడేవాడి చేతిలో ఉండే ఏకైక ఆయుధం ఒకాబె సెల్‌ఫోన్. ‘ఇది చేయాలా, అది చేయాలా’ అని ప్రశ్నలు వేసి జవాబు ఎంచుకోమనే పట్టిక అందులో లేదు. సందేశాలు వస్తాయి, వాటిలో కొన్ని మాటల కింద గీత ఉంటుంది, ఏ మాటను పట్టుకుని జవాబు రాస్తామన్నదాన్ని బట్టి, అసలు ఫోన్ తీస్తామా లేదా అన్నదాన్ని బట్టి కథ దారి మళ్లుతుంది. కురిసు పంపే మామూలు కబుర్లకు ఓపికగా, సరైన జవాబులు ఇస్తూ పోతేనే అసలు ముగింపు తలుపు తెరుచుకుంటుంది. మేము మొదటిసారి ఆ సందేశాలను పట్టించుకోలేదు. తగిన శాస్తి జరిగింది. ఒక మనిషి మాటను ఆలకించడమే గెలుపుకు తాళంచెవిగా పెట్టిన ఏర్పాటు అది. సిరీస్‌లో ఫోన్ ఉంది, సందేశాలు ఉన్నాయి, కానీ ఆ తాళంచెవి లేదు. మన చేతిలోని ఫోన్‌ను తీసి తెరలోపలి మనిషికి ఇచ్చినప్పుడు దాని బదులు ఇంకేదైనా ఇవ్వాలి. మొదటి సగంలో ఆ పని జరిగింది. రెండో సగంలో జరగలేదు.

ఒకాబె ఎన్నిసార్లు గతంలోకి వెనక్కి వెళ్లినా మయూరి చనిపోతూనే ఉంటుంది. ఆమెను కాపాడాలంటే, అంతకుముందు పంపిన సందేశాలను ఒక్కొక్కటిగా రద్దు చేస్తూ వెనక్కి నడవాలి. ఒక్కో రద్దు ఒక్కో మనిషి కోరికను చిదిమేస్తుంది. ఫేరిస్ అనే అమ్మాయికి విమాన ప్రమాదంలో పోయిన తండ్రి తిరిగి దక్కాడు. ఆమె ఆ తండ్రిని వదులుకోవాలి. లూకా అమ్మాయితనాన్ని వదులుకోవాలి. గేమ్‌లో ఈ మజిలీలు నిజమైన కూడళ్లు: ‘రద్దు చేయను’ అని ఆడేవాడు మొండికేయవచ్చు, అప్పుడు కథ ఆ దారినే వెళ్లి, వేరే ముగింపు దగ్గర ఆగుతుంది. సిరీస్ ఈ కూడళ్లన్నిటినీ వరుస మెట్లుగా పేర్చింది. 16, 17, 18 ఎపిసోడ్లలో సుజుహా (కింది టీవీ దుకాణంలో పనిచేసే అమ్మాయి), ఫేరిస్, లూకాల కథలు వారానికొకటిగా ముగిసిపోతాయి. ఇలా పేర్చడంలో ఒక బలం లేకపోలేదు. ఒకాబె భుజాల మీద అప్పు మెట్టు మెట్టుకూ పెరుగుతుండడం కళ్లకు కడుతుంది, రద్దయిన ప్రతి లోకమూ అతనికొక్కడికే గుర్తుంటుంది. కానీ వద్దనే అవకాశం లేని చోట త్యాగానికి బరువు తగ్గుతుంది. ఆ అమ్మాయిల కోరికలు కథానాయకుడు దాటవలసిన అడ్డంకులుగా మిగిలిపోతాయి.

అన్నిటికంటే పెద్ద నష్టం సుజుహా విషయంలో జరిగింది. గేమ్‌లో ఆమె దారిలో ఒకాబె రద్దు చేయడానికి మనసొప్పక, 48 గంటలను పదే పదే వెనక్కి తిప్పుకుంటూ బతుకుతాడు. అవే మాటలు, అదే సైకిలు సవారీ, అదే సాయంత్రం. మయూరి మరణం కూడా అతనికి రోజూ కనబడే బస్సులా మామూలైపోతుంది. మనిషి రాయిగా మారడాన్ని అంత నెమ్మదిగా చూపిన ఘట్టం నేను మరొకచోట చూడలేదు. సిరీస్‌లో ఇది లేదు. పదమూడో ఎపిసోడ్‌లో మయూరి మరణాలు ఒకదాని వెంట ఒకటి గబగబా వచ్చిపోతాయి. భయం కలుగుతుంది, కానీ మొద్దుబారడం తెలియదు. నిజంగా నెమ్మదించవలసిన చోటు ఇది. మొదటి సగం నుంచి ఏదీ తీయకుండానే, ఇక్కడ ఒక్క ఎపిసోడ్ అదనంగా ఇచ్చి ఉంటే బాగుండేదని నేను ఒప్పుకుంటాను.

నిర్మాతలకూ ఈ వెలితి తెలుసునని నా అనుమానం. 2018లో వచ్చిన ‘స్టైన్స్ గేట్ ఎలైట్’ అనే గేమ్‌ను సిరీస్ దృశ్యాలతోనే తయారుచేశారు. సిరీస్‌లో వదిలేసిన ఆ పక్కదారుల ముగింపులకు మాత్రం కొత్తగా యానిమేషన్ గీయించారు. గేమ్ నుంచి సిరీస్, మళ్లీ సిరీస్ నుంచి గేమ్. కాలయానం కథకు తగిన వ్యవహారమే.

చిన్న లోపాలు మరికొన్ని. గేమ్‌లో కొత్త శాస్త్ర పదం ఎదురైతే అర్థం చెప్పే చిన్న నిఘంటువు ఒకటి తెరుచుకుంటుంది. సిరీస్‌లో ఆ వసతి లేదు, కాబట్టి సబ్‌టైటిల్స్ వెంట పరుగెత్తవలసిందే. లూకా ఆడో మగో తేల్చుకోవడానికి ఒకాబె తడిమి చూసే ఘట్టాన్ని నవ్వులాటగా తీయడం నాకు నచ్చలేదు. అలాంటి దానిని మార్చే స్వేచ్ఛ అనుసరణ చేసేవారికి ఎప్పుడూ ఉంటుంది. దారు ద్వంద్వార్థాల గురించి చెప్పనక్కరలేదు. గొంతుల విషయంలో మాత్రం రెండో మాట లేదు: గేమ్‌లో మాట్లాడిన నటులే సిరీస్‌లోనూ మాట్లాడారు. ఒకాబెగా మమోరు మియానో గొంతు బడాయి నుంచి భయానికి జారే క్షణం జపాన్ భాష రానివారికి కూడా తెలిసిపోతుంది. గేమ్‌లో పేజీల కొద్దీ సాగే అతని స్వగతాన్ని సిరీస్ తీసేసినా కథ కుంటుపడలేదంటే అది ఆ గొంతు చలవే.

చివరిగా ఒక సవరణ. కింది దుకాణంలోని 42 అంగుళాల పాత టీవీని సమీక్షకులు ‘వాతావరణం కోసం పెట్టిన అలంకారం’ అని రాశారు. అది అలంకారం కాదు. పైగదిలోని పరికరం పగటి పూట కొన్ని గంటల్లోనే ఎందుకు పనిచేస్తోందో పాత్రలకు చాలాకాలం అంతుపట్టదు. కింది దుకాణం తెరిచి, ఆ టీవీ వెలుగుతున్నంత సేపే అది పనిచేస్తోందని తరువాత తెలుస్తుంది. పిక్చర్ ట్యూబులో ఎలక్ట్రాన్లు దూసుకుపోతాయన్న నిజాన్ని రచయిత కథకు ఇంధనంగా వాడుకున్నాడు. నా బల్ల మీదకు 29 అంగుళాలకు మించిన ట్యూబు ఎన్నడూ రాలేదు. దాని వెనుక మూత విప్పి, స్క్రూడ్రైవర్‌కు వైరు చుట్టి ఎర్త్ చేసి, ఆనోడ్ క్యాప్ (ట్యూబుకు హై వోల్టేజి అందే చోటి రబ్బరు మూత) కిందకు పోనిచ్చి ‘టప్’మనిపించనిదే చెయ్యి పెట్టేవాణ్ణి కాను, స్విచ్ ఆపి గంట గడిచినా అందులో కరెంటు కాచుకుని ఉంటుంది. దుకాణదారు సాయంత్రం ఆ టీవీ ఆపి షట్టర్ దించుకునే చిన్న చిన్న దృశ్యాలన్నీ సమీక్షకులు కోసేయమన్న ఆ తొలి ఎపిసోడ్లలోనే ఉన్నాయి.

భవదీయుడు,
ఒక పాత టీవీ మెకానిక్,
చాదర్‌ఘాట్, హైదరాబాద్.