పాత పంక్ రికార్డులు కొనేముందు

అందరికీ నమస్కారం. బ్రిటిష్ పంక్ రాక్ బ్యాండ్ సెక్స్ పిస్టల్స్ 'గాడ్ సేవ్ ద క్వీన్' సింగిల్ (ఒక పాట కోసం వేసే చిన్న రికార్డు), ఏ అండ్ ఎమ్ అనే రికార్డు కంపెనీ పేరుతో ఉన్నది, చవకగా వస్తోందని గ్రూప్‌లో ఇద్దరు ముగ్గురు అడిగారు. దయచేసి తొందరపడకండి.

1977 మార్చిలో ఏ అండ్ ఎమ్ ఆ బ్యాండ్‌తో ఒప్పందం చేసుకుని, వారం తిరిగేసరికి రద్దు చేసుకుంది. అప్పటికే అచ్చయిన సుమారు 25,000 కాపీలను దాదాపు అన్నింటినీ ధ్వంసం చేశారు. మిగిలినవి అతి కొద్ది, వాటి ధర వేల పౌండ్లలో ఉంటుంది. నకిలీలు మాత్రం బోలెడు. పాట వినాలన్న కోరికే అయితే మే నెలలో వర్జిన్ అనే మరో కంపెనీ తెచ్చిన కాపీ తీసుకోండి. అదీ 1977దే, జేబుకు భారం కాదు.

ఏ రికార్డు అయినా సరే, అమ్మేవారిని కవర్ ఫొటో ఒక్కటే అడిగితే లాభం లేదు. పాట ముగిశాక మధ్యలోని గుండ్రటి కాగితం (లేబుల్) వరకు ఖాళీగా ఉండే నునుపు భాగంలో అంకెలు, అక్షరాలు చెక్కి ఉంటాయి. వాటి ఫొటో అడగండి. అసలు ముద్రణ ఏదో, తర్వాత వచ్చినది ఏదో చాలావరకు అక్కడే తేలిపోతుంది.

నాకు అన్నింటికన్నా ప్రాణం బజ్‌కాక్స్ అనే ఇంగ్లండ్ పంక్ బ్యాండ్ వేసిన 'స్పైరల్ స్క్రాచ్'. పెద్ద కంపెనీల కోసం ఎదురుచూడకుండా, తెలిసినవాళ్ల దగ్గర అప్పు తెచ్చి 1977 జనవరిలో సొంతంగా వేసుకున్న రికార్డు అది. మొదట వేసినవి 1,000 మాత్రమే. కవర్ మీద 'విత్ హోవర్డ్ డివోటో' (ఆ బ్యాండ్ మొదటి గాయకుడు) అని ఉంటే అది 1979 నాటి పునర్ముద్రణ. వినడానికి అదీ బాగుంటుంది, కానీ మొదటి ముద్రణ ధర ఇవ్వకండి.

అనుమానం ఉంటే డబ్బు పంపకముందే ఆ ఫొటోలు ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.