ముందు పూర్వపక్షం వినిపించండి

సంపాదకులకు,

మా ట్రిప్లికేన్ ఆదివారం గోష్ఠిలో అద్వైతం, విశిష్టాద్వైతం మీద మాటా మాటా పెరిగి, ఒకాయన అద్వైతం పక్షాన ఉన్నాయన్ని ‘మీదంతా మాయావాదం’ (లోకమంతా భ్రమేననే వాదం) అని నోరు జారారు. రెండో ఆయన చక్కెర పొంగలి దొన్నె బల్లమీదే వదిలేసి లేచిపోయారు. ఇప్పుడు పార్థసారథి కోవెల వీధిలో ఎదురుపడినా ఇద్దరూ మొహం తిప్పుకుంటున్నారు. క్షమాపణ చెప్పించాలని కొందరి పట్టు. మొక్కుబడి క్షమాపణ ఎవరికి కావాలండీ!

పక్కనున్న శ్రీపెరుంబుదూరులో పుట్టిన విశిష్టాద్వైత ఆచార్యులు రామానుజులు, బ్రహ్మసూత్రాలకు తాము రాసిన వ్యాఖ్య శ్రీభాష్యంలో అద్వైతుల వాదాన్ని మహాపూర్వపక్షంగా, అంటే తాము ఖండించబోయే ఎదుటి పక్షంగా, విపులంగా వినిపించాకే ఖండనకు దిగారు. వీరిద్దరూ అదే చేయాలి. ‘అవును, నా మాట ఇదే’ అని ఎదుటివారు ఒప్పుకునేదాకా వారి సిద్ధాంతాన్ని చెప్పాలి. ఆపైన ఎంతసేపైనా వాదించుకోవచ్చు, కాఫీ ఖర్చు నాది.

– వెనుక వరుస శ్రోత, చెన్నై