ఎస్సీఏ గడి ఒకటుందని చెప్పేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

ప్లస్ టూ ఫలితాలు రాగానే చెన్నైలోని తెలుగు పిల్లల్లో తొంభై శాతం దాటినవాళ్ల ఫొటోలు మీ పత్రికలో వరసగా వేశారు. సంతోషం. ఆ వరసలో ఎన్నడూ కనిపించని పిల్లల గురించి నాలుగు ముక్కలు రాస్తున్నాను. వ్యాసర్పాడిలో నాకు చిన్న బ్రౌజింగ్ సెంటర్ ఉంది. దరఖాస్తుల కాలం వస్తే మా పేట పిల్లలంతా అక్కడే.

పోయినేడు ఒక అమ్మాయి వచ్చింది. తల్లి కార్పొరేషన్‌లో వీధులూడుస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. 600కి 318 మార్కులు. మార్కుల కాగితం బల్లమీద బోర్లా పెట్టి, "అన్నా, దీనికి లా అడిగితే నవ్వుతారా?" అంది.

నవ్వేవాళ్లకే రూల్సు తెలియవు. బార్ కౌన్సిల్ 2008 నియమాల ప్రకారం లా చదవడానికి కనీసం జనరల్ వాళ్లకు 45 శాతం, ఎస్సీ ఎస్టీలకు 40 శాతం ఉంటే చాలు. ఈ పిల్లకు 53. పైగా తమిళనాడు ప్రభుత్వ లా కాలేజీలకు ప్రవేశ పరీక్షే లేదు. అంబేడ్కర్ లా యూనివర్సిటీ మార్కులు చూసి, రిజర్వేషన్ల వారీగా జాబితా వేస్తుంది. ఇంగ్లీషులో క్లాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాల్సింది తిరుచ్చిలో ఉన్నలాంటి జాతీయ లా యూనివర్సిటీలకు. మనవాళ్లు రెండిటినీ కలిపేసి, కోచింగ్‌కు డబ్బుల్లేవు గనక లా మనకు కాదనుకుంటారు. అర్హత ఉంటే సీటు వచ్చి ఒళ్లో పడుతుందని నేననడం లేదు. ఏ వరసలో నిలబడ్డామన్నది కూడా మార్కులంత ముఖ్యం.

ఆ వరస దగ్గరే మా పిల్లలు తప్పిపోతున్నారు. కొందరు తల్లిదండ్రులు "తెలుగు మైనారిటీ కోటాలో వెయ్యి" అంటారు. ప్రభుత్వ లా కాలేజీల్లో అలాంటి కోటా లేదు. బీసీ ముస్లింలకు 3.5 శాతం విడిగా ఉంది గానీ, తెలుగు మాట్లాడినందుకు సీటివ్వరు. మనవాళ్లలో చాలామందికి ఉన్న కోటా మరోచోట ఉంది. ఎస్సీల 18 శాతంలో 3 శాతం అరుంధతీయులకని 2009లో చట్టం చేశారు. ఆ పేరు కింద ఏడు కులాలున్నాయి, మాదిగ, ఆది ఆంధ్ర వాటిలోవే. అరుంధతీయులంటే ఎవరో తమిళులనుకునే తెలుగు ఇళ్లు మా పేటలోనే బోలెడు. 2004లో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ ఎస్సీ వర్గీకరణను కొట్టేసింది గదా, 2024 ఆగస్టు 1న అదే కోర్టులో ఏడుగురు జడ్జీల ధర్మాసనం 6-1తో ఆ తీర్పును తోసిపుచ్చి, తమిళనాడు చట్టాన్ని నిలబెట్టింది. అప్పుడు మన పత్రికలన్నీ ఆంధ్ర, తెలంగాణల్లో ఏమవుతుందనే రాశాయి. చెన్నై తెలుగువాళ్ల చేతిలో ఆ హక్కు పదిహేనేళ్లుగా ఉందన్న ముక్క నా కంట పడలేదు.

ఈ అమ్మాయి సర్టిఫికెట్‌లో కులం ఆది ఆంధ్ర అని, పక్కన ఎస్సీ అని మాత్రమే ఉంది. ఫారంలో ఎస్సీ ఒక గడి, అరుంధతీయులకు ఎస్సీఏ అని ఇంకో గడి. బడిలో రాసుకున్నట్టే ఎస్సీ నొక్కబోతుంటే ఆపాను. కొత్త సర్టిఫికెట్ కోసం తల్లి మూడు రోజుల కూలీ పోగొట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగింది. "రెండూ ఒకటేగా, ఎందుకీ తిప్పలు" అన్నాట్ట అక్కడి గుమాస్తా. రెండూ ఒకటే అయితే చట్టం ఎందుకు చేసినట్టు? గడువింకా రెండు రోజులుందనగా కాగితం చేతికొచ్చింది. ఎస్సీఏలో సీటూ వచ్చింది.

వచ్చింది పట్టరైపెరుంబుదూరులో! 1891లో మొదలై, హైకోర్టు ఆవరణలో నడిచిన లా కాలేజీని 2018లో రెండుగా చేసి, ఒకటి అక్కడికి, ఇంకోటి పుదుపాక్కానికి పంపేశారు. పాత చోటైతే మా పేట నుంచి ఒక్క బస్సు. ఇప్పుడా పిల్ల పొద్దున్నే వ్యాసర్పాడి జీవా స్టేషన్‌లో లోకల్ ఎక్కి, తిరువళ్లూరులో దిగి, మళ్లీ బస్సు పట్టుకోవాలి. క్లాసయ్యాక కోర్టుకెళ్లి ఏ వకీలు దగ్గరో కూర్చుని పని నేర్చుకునే వీలూ పోయింది. 2008లో కాలేజీలో కొట్లాట జరిగిందని తరలించారు. అప్పటికి నిండా రెండేళ్లయినా లేని పిల్లలు ఇప్పుడు ఛార్జీలు కట్టుకుంటున్నారు.

మా వైపు ఒక తెలుగు సంఘం ఏటా ఉగాదికి తొంభై శాతం వాళ్లకు శాలువా కప్పి పతకమిస్తుంది. ఈ పిల్లకు రైలు సీజన్ టికెట్ కొనిపెట్టండని అడిగితే "మెరిట్ ఉన్నవాళ్లకే మా నిధి" అన్నారు. చెన్నై ఎండల్లో శాలువా ఎవరిక్కావాలో నాకు తెలీదు గానీ, సీజన్ టికెట్ ఎవరిక్కావాలో తెలుసు.

మీకు నా విన్నపం ఒకటే. ఈసారి లా దరఖాస్తుల ప్రకటన రాగానే, ఎస్సీఏ కిందికొచ్చే ఏడు కులాల పేర్లూ, ఏ గడి నొక్కాలో, తెలుగులో ఒక చిన్న బాక్సు కట్టి వేయండి. కత్తిరించి నా సెంటర్ గోడకు అంటిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
వ్యాసర్పాడి, చెన్నై