వృత్తి కోర్సును పంట కాలంతో కలపండి

సంపాదకులకు,

అయ్యా,

బడుల కోసం కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకం కింద కొన్ని సర్కారు హైస్కూళ్లలో 9, 10 తరగతుల పిల్లలకు మామూలు సబ్జెక్టులతో పాటు ఒక వృత్తి కోర్సు కూడా చెబుతున్నారు. ఖర్చులో కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. ఇందులో సోలనేషియస్ పంటల సాగు ఒక కోర్సు. అంటే టమోటా, మిరప, వంగ, బంగాళాదుంప. అనంతపురం జిల్లా పిల్లలకు ఇంతకంటే దగ్గరి చదువు ఏముంటుంది?

చిక్కంతా కాలం దగ్గరే వస్తోంది. జూన్ 12న బడి తెరిచిన వారంలో ట్రేలలో టమోటా విత్తనం వేస్తే 25–30 రోజులకు నారు అందుతుంది. జూలై మధ్యలో నాటితే దసరా సెలవుల లోపే తొలి కోత పిల్లల చేతుల మీదుగా జరుగుతుంది. శిక్షకులు వచ్చేది ఏజెన్సీల ద్వారా, కాంట్రాక్టు మీద. ఆ కాంట్రాక్టు రెన్యువల్ ఆగస్టు దాకా సాగితే ఆ ఏటి పంట పుస్తకంలో బొమ్మగానే మిగిలిపోతుంది. అందుకని రెన్యువల్ మే నెలలోనే ముగించాలి.

భూమి ఒక సెంటు చాలు. 60 × 45 సెంటీమీటర్ల ఎడంలో 150 మొక్కలు పడతాయి. 98 గుంతల ట్రేలు రెండు, కోకోపీట్ (కొబ్బరి పొట్టు), విత్తనం, చిన్న డ్రిప్పు సెట్టు కావాలి. ముందు కొనండి, బిల్లు తర్వాత పెట్టుకోండి అంటే ఏ హెడ్మాస్టరైనా వెనకాడతారు. ఈ డబ్బు బడి ఖాతాలో ముందే పడాలి.

ఇక పీరియడ్లు. డ్రిప్పు సరిగా పారుతోందో లేదో చూసి బాగుచేసే పని ఒక్క పీరియడు 45 నిమిషాల్లో తెమలదు. గంటకు 4 లీటర్లిచ్చే డ్రిప్పరు కింద గ్లాసు పెడితే 3 నిమిషాలకు 200 మిల్లీలీటర్లు రావాలి. మొదటి డ్రిప్పరు నుంచే తగ్గితే ఫిల్టరు జాలీ చూడాలి. మొదట్లో బాగుండి చివర తగ్గితే ల్యాటరల్ (డ్రిప్పర్లు ఉండే సన్న పైపు) కొసన మట్టి చేరిందేమో, అక్కడి మూత (ఎండ్ క్యాప్) విప్పి నీళ్లు వదలాలి. అక్కడక్కడా తగ్గితే బోరు నీటి ఉప్పు పేరుకున్నట్టే, యాసిడ్‌తో కడగాలి. ఆ యాసిడ్ పని మాత్రం పెద్దవాళ్లే చేయాలి, పిల్లలు చూస్తే చాలు. మోటరు వేసి, ప్రెజరు నిలిచాక ఇరవై డ్రిప్పర్లు కొలిచి, కడిగి, మళ్లీ కొలవడానికి గంటన్నర పడుతుంది. వారానికొకసారి రెండు పీరియడ్లు కలిపి ఇవ్వాలి. జనవరి రాగానే పదో తరగతి వాళ్ల ఈ పీరియడ్లను స్పెషల్ క్లాసులకు లాగేసుకోవడం మానాలి.

ఇంకో మాట. పదితో ఈ దారి తెగిపోకూడదు. భోపాల్‌లోని కేంద్ర వృత్తి విద్యా సంస్థ 11, 12 తరగతులకు మైక్రో ఇరిగేషన్ టెక్నీషియన్ (డ్రిప్పు వంటి సూక్ష్మ సేద్య పరికరాల పనివాడు) పాఠ్యాంశం తయారుచేసింది. మన రాష్ట్రంలో 2003లో మొదలైన సూక్ష్మ సేద్య పథకం కింద రైతులకు డ్రిప్పు ఇస్తున్నారు. నార్పల అరటి తోటలకూ గార్లదిన్నె చీనీ తోటలకూ దాన్ని బాగుచేసే మనుషులు కావాలి. జిల్లాలో ఇంటర్ నడుస్తున్న ప్రభుత్వ హైస్కూళ్లలో కనీసం డివిజనుకు ఒకచోట ఈ కోర్సు వచ్చే జూన్‌లో మొదలుపెట్టాలని విద్యాశాఖను కోరుతున్నాం.

— వ్యవసాయ వృత్తి విద్యా శిక్షకులు, అనంతపురం