ఈసారి డబ్బా సగమే ఉంటుంది

అందరికీ వందనాలు.

బడికి పంపకుండా ఇంట్లోనే పిల్లలకి చదువు చెప్పుకునే మన విశ్వాసుల ఇళ్లకి మా ప్రింటింగు షాపు నుంచి పంపే పాఠాల డబ్బాలు, జూన్‌వి, వచ్చే సోమవారం నుంచి పంపుతాం. విప్పి చూడగానే "ఏంటక్కా, సగం పెట్టడం మర్చిపోయారా" అని ఫోన్ చేస్తారని ముందే రాస్తున్నాను. మర్చిపోలేదు, కావాలనే సగం చేశాం. ధర కూడా 2,400 నుంచి 1,250 రూపాయలకు దిగింది. ఎందుకో తెలియాలంటే ఫిబ్రవరిలో జరిగిన సంగతి చెప్పాలి.

ఒక మధ్యాహ్నం షట్టరు సగం దించి భోజనానికి బయల్దేరుతుంటే చీపురుపల్లి వైపు నుంచి ఒక సిస్టర్ వచ్చారు, పక్కన పదేళ్ల కొడుకు. చేతిలో మన డబ్బా. కౌంటరు మీద పెట్టి మూత తీశారు. వారానికొక ప్లాస్టిక్ కవరు చొప్పున, మీద నంబరు రాసి పంపుతాం కదా. తొమ్మిదో వారం నుంచి ఒక్క కవరూ విప్పలేదు. ఆమె ఏదో తప్పు చేసినట్టు తల దించుకుని, "ఇవి వాపసు తీసుకుంటారా అక్కా? డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు. బీరువా మీద కనిపించినప్పుడల్లా టెన్షన్ వచ్చేస్తంది" అన్నారు.

మేం మాట్లాడుకుంటుంటే ఆ గుంటడు మూలనున్న పేపరు కట్టల దగ్గరికెళ్లి రేపర్ల మీద అక్షరాలు చదువుతున్నాడు. "ఆంటీ, ఒక్కోదాన్లో అయిదొందలుంటాయా?" అన్నాడు. అవునన్నాను. వేలితో కట్టలు లెక్కపెట్టాడు, పెదాలు కదిలాయి. "అయితే ఏడువేలున్నాయి." పద్నాలుగు కట్టలు, లెక్క సరిపోయింది. వాళ్లు విప్పని పదో వారం కవర్లో మేం పెట్టిన పాఠమేంటో తెలుసా? వందలతో గుణకారం. వాడికి అది ఎప్పుడో వచ్చేసింది. సంతలో చింతపండు అమ్మే తాతయ్య పక్కన కూర్చుంటాడట.

ఆ తల్లి మాత్రం ఏమీ నేర్పలేకపోయానని బాధపడుతూ బస్సెక్కి వచ్చింది. ఆ బాధ ఆమెకు అమ్మింది నేనే.

ఆ రాత్రి ఆర్డర్ల పుస్తకం ముందేసుకుని, మర్నాటి నుంచి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. ఇరవై ఆరు ఇళ్లు. పద్దెనిమిది ఇళ్లలో డబ్బా సగం దాటలేదు. దాటించిన వాళ్లలో ఒకామె, "పూర్తి చేస్తున్నాం అక్కా, కాకపోతే రోజూ సాయంత్రం అయిదింటికి నేనూ ఏడుస్తాను, అదీ ఏడుస్తుంది" అన్నారు.

డబ్బా అంత పెద్దది ఎందుకైందో కూడా చెప్పేస్తాను. ముప్పై ఆరు వారాల ప్లాను అమెరికా వాళ్ల పద్ధతి చూసి పెట్టుకున్నదే. మంచు బొమ్మలు తీసేశాం, డాలర్ల లెక్కల్ని రూపాయలు చేశాం, ఆపిల్స్ బదులు తాటిముంజలు పెట్టాం. బరువు మాత్రం అలాగే ఉంచాం. పండగలకీ, పంట కోతలకీ, ఇంటికొచ్చే చుట్టాలకీ అందులో చోటు లేదు. పైగా డబ్బా పెద్దదైతే పెద్ద ధర పెట్టొచ్చు. అదీ ఉంది, దాచడమెందుకు.

కొత్త డబ్బాలో లెక్కలు, తెలుగు, ఇంగ్లీషు, బైబిల్ కంఠత వాక్యాల కార్డులు, బొమ్మలేసుకోవడానికి గీతల్లేని నోటుపుస్తకం ఒకటి. అంతే. ప్రతి ఏడో వారం కవరు ఉండదు. ఆ వారం ఆగిపోయినవి చూసుకోండి, లేదా ఊరికే ఉండండి. బైబిల్ వర్క్‌షీట్లు పూర్తిగా తీసేశాం. దీని మీద ఒక పాస్టరమ్మగారు నన్ను గట్టిగానే అడిగారు. నేను చెప్పింది ఇదే: ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలతో మాట్లాడమని ఉంది. ఖాళీలు పూరించమని లేదు. ఆవిడ నవ్వేశారు, ఒప్పుకున్నారో లేదో తెలీదు.

వర్క్‌షీటు లేకపోతే పిల్లాడికి అర్థమైందని ఎలా తెలుస్తుంది అంటారా? చెప్పించుకోండి. ఇంగ్లండులో చార్లెట్ మేసన్ అనే ఉపాధ్యాయురాలు ఉండేవారు, 1923లో చనిపోయారు. ఆమె పద్ధతిలో పాఠాలు చిన్నవి. ఒక్కసారే చదివి వినిపించాలి, తర్వాత పిల్లలు దాన్ని సొంత మాటల్లో తిరిగి చెప్పాలి. రాత్రి మంచం మీద అమ్మమ్మ కథ చెప్పి, మర్నాడు "నువ్వు తమ్ముడికి చెప్పు" అంటుందే, అదే. దానికి నా షాపులో కొనాల్సిందేమీ లేదు.

తెలుగు గురించి మాత్రం ఒక హెచ్చరిక. మన పిల్లలు చాలామంది బైబిలు గడగడా చదువుతారు, వింటుంటే ముచ్చటేస్తుంది. కానీ "నేను బజారుకు వెళ్లితిని, అరటిపండ్లు కొనియుంటిని" అని రాసిన పిల్లని నేను చూశాను. వ్యాకరణం తప్పు కాదు, కానీ అలా ఎవరూ మాట్లాడరు. 1805లో విశాఖపట్నంలో దిగిన క్రాన్, డిగ్రాంజ్ అనే మిషనరీలు సువార్తల్ని తెలుగు చేయడం మొదలుపెట్టిన చోటు మనకి గంటన్నర దూరం. వాడుక భాష కోసం పోరాడి, 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాసిన గురజాడ అప్పారావుగారేమో మన విజయనగరం మనిషే. పిల్లలకి బైబిలు తెలుగూ కావాలి, వాడుక తెలుగూ కావాలి. అందుకే వారానికొక ఉత్తరం రాయించే పేజీ పెట్టాం. అమ్మమ్మకి, సండే స్కూల్ టీచరుకి, ఎవరికైనా సరే. పోస్టులో వేయాల్సిందే, స్టాంపు మీది.

ఇప్పుడు మా తప్పు ఒకటి. నవంబరు డబ్బాలో కొలతల పాఠం ఉంది కదా, పిల్లలు స్కేలుతో గీతలు కొలిచి రాయాలి. ఆ ఫైలు అమెరికా లెటర్ సైజులో వచ్చింది, 216 మిల్లీమీటర్ల వెడల్పు. మన ఏ4 వెడల్పు 210. పేజీకి సరిపెట్టమని మిషనుకి చెప్పేసి మా ఆయన టీకి వెళ్లిపోయారు. మిషను బుద్ధిగా దాదాపు మూడు శాతం కుదించేసింది. పది సెంటీమీటర్ల గీత 9.7 అయింది. జవాబుల పేజీలో పది అనే ఉంది.

బొబ్బిలిలో ఒకబ్బాయి మూడుసార్లు కొలిచి మూడుసార్లూ 9.7 రాశాడట. వాళ్లమ్మ మూడుసార్లూ చెరిపించారు. మూడోసారి రబ్బరుకి కాయితం చిరిగింది. సాయంత్రం వాళ్ల నాన్నగారు డ్యూటీ నుంచి వచ్చి తానే కొలిచి, నాకు ఫోన్ చేసి, "సిస్టర్, మావాడు ఈ రోజు తిట్లు తిన్నది మీవల్ల" అన్నారు. కోపంగా అనలేదు, అందుకే ఇంకా సిగ్గేసింది. బాబూ, నువ్వే కరెక్టు. ఇకమీద కొలతలున్న ప్రతి పేజీనీ డబ్బాలో పెట్టే ముందు నేనే స్కేలు పెట్టి చూస్తాను.

ధర సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి నోటుపుస్తకాలు, పెన్సిళ్లు, రబ్బర్లు, మ్యాపుల మీద జీఎస్టీ తీసేశారు, ఆ మేరకు మేమూ తగ్గించాం. అదే రోజు నుంచి జెరాక్స్ పేపరు మీద మాత్రం 12 నుంచి 18 శాతం అయింది. కాబట్టి నోటుపుస్తకం చవక, ప్రింటు ఖరీదు. మీరే ఫైళ్లు తెచ్చి ప్రింటు వేయించుకుంటే రెండు వైపులా వేయించుకోండి. ఇంకోటి, "ఒక కుటుంబానికి మాత్రమే" అని రాసున్న ఫైలుని అయిదిళ్లకు కాపీలు తీయమని అడగొద్దు. ఇంతకుముందు నేను చూసీచూడనట్టు తీసిచ్చాను. "దొంగిలకూడదు" అని ఉన్న పది ఆజ్ఞల కార్డులు ఒక ట్రేలోంచి, ఆ కాపీలు ఇంకో ట్రేలోంచి వస్తుంటే ఒకరోజు నాకే నవ్వొచ్చింది. ఆపేశాను.

మీలో కొందరికి ఇప్పటికే తెలుసు: మా పెద్దమ్మాయిని ఈ జూన్‌లో బడిలో చేరుస్తున్నాం, ఏడో తరగతి. "ఇంట్లో చదువు చెప్పుకోండని అందరికీ సామాన్లమ్మి, తన కూతుర్ని బడికి పంపుతోంది" అని ఎవరో అన్నారట. నిజమే. దానికి కబడ్డీ ఆడాలని ఉంది, ఇంట్లో తమ్ముడొక్కడితో కబడ్డీ అవదు. నాలుగేళ్లు మా దగ్గర చదివింది, ఆ నాలుగేళ్లూ వృథా అని మేమనుకోవడం లేదు, అదీ అనుకోవడం లేదు. పొద్దున్నే ప్రార్థన, చదవడం ఎప్పటిలాగే సాగుతాయి. చిన్నోడు ఇంట్లోనే. మీ ఇంట్లోనూ ఏ పిల్లైనా బడికి వెళ్తానంటే మీ విశ్వాసం తగ్గిందని అనుకోకండి. ఎనిమిదో తరగతి దాకా వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోవాలని విద్యాహక్కు చట్టమే చెబుతోంది.

ఆ చట్టం గురించి చాలామంది గొంతు తగ్గించి అడుగుతుంటారు. 2009 నాటి చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి. పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని అందులో ఉంది. చేర్చకపోతే తల్లిదండ్రులకి శిక్ష అని మాత్రం లేదు. ఇంటి చదువు అనే మాటే అందులో రాదు. ఇంతకుమించి నేను చెప్పను, నాది ప్రింటింగు షాపు. కానీ పిల్లలు ఏం చదివారో తేదీలు వేసి ఒక ఫైలు ఉంచుకోండి. ఎవరైనా వచ్చి అడిగితే తడబడకుండా చూపించొచ్చు.

పదో తరగతి దిగులు మాత్రం వదిలేయండి. ఎన్‌ఐఓఎస్, అంటే జాతీయ సార్వత్రిక విద్యాపీఠం, 1989 నుంచి ఉంది. పద్నాలుగేళ్లు నిండితే పదికి చేరొచ్చు. ఎనిమిది చదివిన కాయితం లేకపోయినా, పది చదవగలనని సొంతంగా రాసిచ్చే పత్రం సరిపోతుంది. అయిదు సబ్జెక్టులు, తెలుగు మీడియం కూడా ఉంది. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మేలో ఒకటి, అక్టోబరు-నవంబరులో ఒకటి. అయిదేళ్లలో తొమ్మిది అవకాశాలు, ఒక్కో సబ్జెక్టూ రాసుకుంటూ పోవచ్చు. అసైన్‌మెంట్లకి 20 శాతం మార్కులున్నాయి, అవి చివరిదాకా నానబెట్టకండి. మన రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం పది కూడా ఉంది.

ఫారాలు నింపేటప్పుడు ఎక్కువగా తంటా వచ్చేది పేరు దగ్గర. ఆధార్‌లో ఒకటి, జనన ధ్రువపత్రంలో ఒకటి, బాప్తిస్మం అప్పుడు పెట్టింది ఇంకొకటి. పన్నెండేళ్లు రాగానే కాయితాలన్నీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి. పద్నాలుగేళ్లకి పరుగులు పెట్టొద్దు.

జూన్ నుంచి ప్రతి శనివారం మూడు నుంచి అయిదింటి దాకా షాపు వెనక గది మీది. ఫారాలు తెచ్చుకోండి, కూర్చుని నింపుదాం. రెండు అలమరాలు ఖాళీ చేయించాను, చదివేసిన పిల్లల పుస్తకాలుంటే పెట్టండి, కావలసినవి పట్టుకెళ్లండి, డబ్బుల్లేవు. పాత డబ్బాల్లో విప్పని కవర్లున్న వాళ్లు తెచ్చిస్తే ఒక్కో కవరుకి 40 రూపాయలు కొత్త బిల్లులో తగ్గిస్తాం. సిగ్గుపడి దాచుకోవద్దు. మా ఇంట్లో అలాంటివి పదకొండున్నాయి.

డబ్బా విప్పగానే పైన ఒక తెల్ల కవరు కనిపిస్తుంది. అందులో నవంబరు కొలతల పేజీ మళ్లీ ప్రింటు వేసి పెట్టాం, ఒక ప్లాస్టిక్ స్కేలు కూడా. దానికి బిల్లు లేదు. ముందు ఆ పేజీ మీద మొదటి గీత పిల్లలతో కొలిపించండి. పది రాకపోతే వెంటనే ఫోన్ చేయండి, ఈసారి మా ఆయనే ఎత్తుతారు.